ఆశానిగ్రహం, ఆత్మీయ ఎదుగుదల: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట సంఘాల్లోనూ, కరీంనగర్, భూపాలపల్లి, జగిత్యాల వైపు గృహ కూటాల్లోనూ విశ్వాసులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఇవి ఏ ఒక్క సంఘశాఖ తరఫున రాసిన జవాబులు కావు. మన ఊళ్లలో బాప్టిస్టులు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారు, కథోలికులు, పెంతెకొస్తు వారు, స్వతంత్ర సంఘాలవారు పక్కపక్క వీధుల్లోనే ఉన్నారు. ఆరాధన పద్ధతులు వేరైనా కోపం, ఫోను, నిద్ర, అప్పు అందరినీ ఒకేలా పరీక్షిస్తున్నాయి.

ఆశానిగ్రహం అంటే ఏమిటి? కోరికలన్నీ చంపుకోవడమా?

కాదు. ఆకలి, నిద్ర, దాంపత్య ప్రేమ, నవ్వు, పని చేయాలన్న ఉత్సాహం దేవుడు ఇచ్చినవే. అవి మనల్ని ఎటు లాగితే అటు పోకుండా, మంచిదని తెలిసినదాన్ని మనసు మొరాయించినా చేయగలగడం ఆశానిగ్రహం. గలతీ పత్రిక (గలతీయ సంఘాలకు రాసిన ఉత్తరం) ఐదో అధ్యాయంలో ఆత్మ ఫలంలో తొమ్మిదోదిగా పౌలు దీన్ని చెప్పాడు. పేతురు రెండో పత్రికలో జ్ఞానానికీ సహనానికీ మధ్య దీన్ని ఉంచాడు. ఖైదీగా ఉన్న పౌలు రోమా అధిపతి ఫేలిక్సు ఎదుట ప్రసంగించినప్పుడు ఎంచుకున్న మూడు అంశాల్లో ఇది ఒకటి. మిగిలిన రెండు నీతి, రాబోయే తీర్పు. ఫేలిక్సు భయపడి, సమయం దొరికినప్పుడు మళ్లీ పిలుస్తానని పంపేశాడు. ఈ మాట వినగానే వాయిదా వేయాలనిపించడం ఆనాటి నుంచీ ఉన్నదే.

రక్షణ కృప వల్లనే కదా. మరి ఇంత శ్రమ ఎందుకు? ఇది క్రియల మీద ఆధారపడటం కాదా?

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. దీనికి జవాబు స్పష్టం కాకపోతే కింద ఉన్నవన్నీ భారమైన నియమాలుగానే కనిపిస్తాయి.

దేవుడు మిమ్మల్ని ప్రేమించేందుకు మీరు ఉదయాన్నే లేవనక్కర్లేదు. ఒక పూట ప్రార్థన మానితే ఆ ప్రేమ తగ్గిపోదు. ఈ విషయంలో రాజీ లేదు. అయితే తీతు పత్రిక రెండో అధ్యాయం ఇంకో మాట కూడా చెబుతుంది. రక్షణ తెచ్చిన ఆ కృపే మనకు బోధిస్తుందట: భక్తిహీనతను, లోక సంబంధమైన దురాశలను విడిచిపెట్టి స్వస్థబుద్ధితో బతకమని. క్షమించిన కృపే పంతులమ్మ కూడా. క్షమాపణ పుచ్చుకుని పాఠం దగ్గర లేచి వెళ్లిపోతామంటే కుదరదు.

ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు మీ సొంత రక్షణను భయముతో వణకుతో కొనసాగించుకోమని చెప్పి, వెంటనే మీలో ఇష్టాన్నీ, దాన్ని నెరవేర్చే శక్తినీ పుట్టించేది దేవుడే అంటాడు. మొదటి సగం మాత్రమే పట్టుకున్నవారు అలసిపోతారు, లేదా గర్విష్ఠులవుతారు. రెండో సగం మాత్రమే పట్టుకున్నవారు ఇరవై ఏళ్లు మందిరానికి వచ్చినా అదే కోపంతో, అదే నోటితో ఉండిపోతారు. ఈ రెండు రకాలవారూ ప్రతి సంఘంలోనూ ఉన్నారు.

పౌలు తిమోతికి రాసిన మాట ఇది: "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము." కొరింథు దగ్గర రెండేళ్లకోసారి ఇస్థ్మియన్ క్రీడలు జరిగేవి. గెలిచినవారి తలమీద పెట్టేది వాడిపోయే ఆకుల కిరీటం. దానికోసమే వాళ్లు అన్ని విషయాల్లో మితంగా ఉంటారని పౌలు ఆ ఊరి సంఘానికి గుర్తుచేశాడు. పోలీసు ఉద్యోగాల ప్రకటన వచ్చిందంటే హనుమకొండ మైదానాల్లో తెల్లవారకముందే పరుగులు తీసే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాం. పరుగుల పరీక్ష రోజున హఠాత్తుగా ఎవరికీ ఊపిరి పెరగదు. శోధన వచ్చిన రాత్రి హఠాత్తుగా ఎవరికీ బలం రాదు. ఆ పిల్లల తల్లిదండ్రులు వాళ్లను ప్రేమించేది మాత్రం పరుగులో నెగ్గినందుకు కాదు కదా.

తెల్లవారుజామున నాలుగింటికే ప్రార్థించాలా? నాది సింగరేణిలో షిఫ్టు డ్యూటీ.

గడియారంలో ఫలానా గంటే పవిత్రమని లేఖనంలో ఎక్కడా లేదు. యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ప్రార్థించడానికి వెళ్లాడని మార్కు మొదటి అధ్యాయం చెబుతుంది. రాత్రంతా ప్రార్థించాడని లూకా ఆరో అధ్యాయం చెబుతుంది. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. సమయాలు వేరు. అందరిలోనూ కనిపించేది వాడుక. యేసు సమాజమందిరానికి వెళ్లింది "తన వాడుక చొప్పున", ఒలీవల కొండకు వెళ్లిందీ తన వాడుక చొప్పుననే అని లూకా రాశాడు.

రాత్రి షిఫ్టు చేసి ఉదయం ఇంటికి వచ్చేవారికి ఆ ఉదయం రాత్రితో సమానం. స్నానం చేసి, తిని, పడుకునే ముందు పది నిమిషాలు మీ వేళ అనుకోండి. వారం మారి ఫస్టు షిఫ్టు వస్తే గంట మారుతుంది గానీ చోటు మారనివ్వకండి: డ్యూటీ నుంచి వచ్చాక, పడుకోకముందు. గంటకు కాకుండా రోజూ తప్పకుండా చేసే ఏదో ఒక పనికి ప్రార్థనను జతచేస్తే షిఫ్టులు మారినా అది నిలుస్తుంది. నిద్ర చాలక గనిలోకి దిగడం మీకూ, తోటి కార్మికులకూ ప్రమాదం. అలాంటి త్యాగాన్ని దేవుడు అడగడు.

బైబిలు రోజుకు ఎంత చదవాలి? నాకు చదవడం రాదు, నేనేం చేయాలి?

బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో పూర్తిచేయాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. జనవరి ఒకటిన వాగ్దాన కార్డు తీసుకున్న ఉత్సాహంతో మొదలుపెట్టి, లేవీయకాండం దగ్గర ఆగిపోయేవారు చాలామంది. మొదటిసారి అలవాటు చేసుకునేవారు మార్కు సువార్తతో ప్రారంభించడం మేలు. పదహారు అధ్యాయాలే, రోజుకొకటి చొప్పున పదహారు రోజులు. తర్వాత సామెతలు: ముప్ఫై ఒక్క అధ్యాయాలు, తేదీకొక అధ్యాయం. ఒక రోజు తప్పిపోతే ఆ బాకీ తీర్చే పని పెట్టుకోకండి, ఆనాటి తేదీ అధ్యాయమే తెరవండి. బాకీల లెక్క పెరిగేకొద్దీ పుస్తకం ముట్టుకోవడానికే భయమేస్తుంది.

చదువు రానివారు తక్కువవారు కారు. తొలినాటి సంఘాల్లో అత్యధికులు పత్రికలను చెవులతోనే విన్నారు. ఇప్పుడు తెలుగు బైబిలు ఆడియో ఫోనులో ఉచితంగానే దొరుకుతుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలు నలుగురూ ఒక అరుగు మీద చేరతారు. వాళ్లలో చదవగలిగిన అమ్మాయి ఒకరుంటే పది నిమిషాలు పైకి చదివించుకోవచ్చు. మిగిలినవాళ్ల చేతులు ఆగనక్కర్లేదు. విన్నదాంట్లోంచి ఒక్క వాక్యం కంఠతా పట్టి ఆ రోజంతా మనసులో తిప్పుకుంటే, మూడు అధ్యాయాలు కళ్లతో దాటేసినవారి కంటే మీరే ఎక్కువ చదివినట్టు.

ప్రార్థనలో కూర్చుంటే మనసు ఎక్కడెక్కడికో పోతుంది.

అందరికీ పోతుంది. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోతే "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అని ప్రభువే అన్నాడు. పైకి గొంతెత్తి ప్రార్థించండి, లేదా ఒక కీర్తన తెరిచి దాని మాటలే మీ మాటలుగా చెప్పండి. మనసు పోయినచోట ఏదో ఆందోళన ఉంటుంది: పిల్ల ఫీజు, పత్తి ధర, అత్తగారి మోకాలి నొప్పి. దాన్నే ప్రార్థనాంశం చేసుకోండి. అప్పుడు మనసు తిరిగి రావాల్సిన పనే ఉండదు.

ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్తాను. మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంటేనే దేవుడు వింటాడా?

ఉపవాసం దేవుణ్ని ఒప్పించే ఒత్తిడి కాదు. నిరాహారదీక్షకు కూర్చుని ప్రభుత్వాన్ని దిగివచ్చేలా చేసే పద్ధతి దేవుని దగ్గర పనికిరాదు. ఆయన మనకు ఎదురుపక్షం కాదు. మరి ఉపవాసం ఎందుకు? పొట్ట చెప్పిన వెంటనే వినే అలవాటును కొంతసేపు ఆపి, ఆ ఆకలితోనే దేవుని వైపు తిరగడానికి. తిండి విషయంలో 'కాసేపు ఆగు' అని శరీరానికి చెప్పగలిగినవారు కోపం వచ్చినప్పుడు కూడా ఆ మాట చెప్పగలుగుతారు. మానవస్వభావం అలాంటిది.

లేఖనంలో ఉపవాసాలు ఒక్క రకంగా లేవు. ఎస్తేరు మూడు రోజులు అన్నపానాలు లేకుండా ఉంది. అది ఒక జాతి మొత్తం చావుబతుకుల్లో ఉన్న వేళ. దానియేలు మూడు వారాలు రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం మానేశాడు, తిండి పూర్తిగా మానలేదు. ఎస్తేరు ఉపవాసాన్ని ప్రతి శుక్రవారానికీ కొలతగా పెట్టమని ఎవరూ చెప్పలేదు. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా ఉపవాసం ఉండకూడదు. వేసవి ఎండలో మిరపచేలో కాయలు ఏరే కూలీలు నీళ్లు మానడం అసలే వద్దు. ఒక పూట కూర లేకుండా తినడం, చాయ్ మానడం, మాంసం మానడం కూడా ఉపవాసమే.

దానికంటే బరువైన మాట యెషయా 58లో ఉంది. ఒకవైపు ఉపవాసముంటూ మరోవైపు పనివారిని పీడించే జనంతో, ఆకలిగొన్నవానికి నీ ఆహారం పెట్టడమే నాకిష్టమైన ఉపవాసం అని దేవుడు అంటాడు. కాబట్టి మానిన పూట భోజనం ఖర్చు ఎంతో లెక్కగట్టి అది ఆకలిగా ఉన్న ఇంకొకరికి చేరేలా చూడండి. ఇంట్లో పనిమనిషికి, చేలో కూలికి ఇవ్వాల్సిన డబ్బు బాకీ పెట్టి ఉపవాస కూటానికి వెళ్లకండి.

నలభై రోజుల ఉపవాస ప్రార్థనలంటూ కూడళ్లలో ఫ్లెక్సీలు కట్టడం గురించి కూడా అడుగుతుంటారు. సంఘమంతా కలిసి ఉపవాసం ప్రకటించుకోవడం యోవేలు గ్రంథంలోనే ఉంది, అది తప్పు కాదు. నాయకుడు తాను ఇన్ని రోజులు ఉపవాసమున్నానని ఫోటోతో సహా చాటుకోవడం మాత్రం మత్తయి ఆరో అధ్యాయానికి నేరుగా విరుద్ధం. తల అంటుకుని ముఖం కడుక్కోమని, మనుషులకు కనబడకుండా ఉండమని ప్రభువు చెప్పింది అక్కడే.

మా సంఘంలో శ్రమకాలం పాటించరు. నేను పాటించవచ్చా?

పాటించవచ్చు, మానవచ్చు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు వరకు ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. దీన్ని కథోలికులు తపఃకాలం అంటారు. వాళ్లలో పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల మధ్యవారు భస్మ బుధవారం, శుభ శుక్రవారం రోజుల్లో ఒకే పూట పూర్తి భోజనం చేస్తారు. సీఎస్ఐ సంఘాలు బుధ, శుక్రవారాల్లో ధ్యాన కూడికలు పెట్టుకుంటాయి. చాలా బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు ఈ కాలాన్ని ప్రత్యేకంగా చూడవు. ఒక దినాన్ని ఎక్కువగా ఎంచేవాడూ, అన్ని దినాలూ సమానమనేవాడూ ఒకరినొకరు తీర్పు తీర్చకూడదని రోమా పత్రిక 14లో ఉంది. పాటించేవారికి ఒక్క సూచన: ఏదో ఒకటి మానడంతో పాటు ఏదో ఒకటి కొత్తగా చేయండి. మాట్లాడటం మానేసిన తమ్ముడికి ఫోను చేయడం లాంటిది.

రాత్రిపూట ఫోనులో చూడకూడనివి చూస్తున్నాను. ఎన్నిసార్లు మానాలనుకున్నా కుదరడం లేదు.

హాస్టళ్లలో చదువుకునే కుర్రవాళ్లే కాదు, పెళ్లైనవారు, సంఘంలో బాధ్యతలున్నవారు కూడా ఇది అడుగుతారు. అడగడానికే చాలా ధైర్యం కావాలి. సిగ్గు మిమ్మల్ని దేవుని దగ్గర నుంచి దూరంగా లాగుతుంది, ఆ దూరమే మళ్లీ ఫోను దగ్గరకు నెడుతుంది. ఇది ముందు అర్థం చేసుకోండి.

యోసేపు తనను పాపానికి బలవంతపెట్టిన యజమాని పోతీఫరు భార్యతో వాదించి నెగ్గలేదు, పై వస్త్రం వదిలేసి పరుగెత్తాడు. ఇక్కడ పరుగెత్తడమంటే చాలా మామూలు పనులు. ఫోను పడకగదిలో కాకుండా వంటింట్లోనో హాలులోనో చార్జింగ్ పెట్టండి. మేలుకోవడానికి అలారం గడియారం వేరే కొనండి. రాత్రి పది తర్వాత నెట్ కట్టేయండి. హాస్టల్లో ఉంటే ఫోను రూమ్మేటుకు ఇచ్చి పడుకోండి. అర్ధరాత్రి ఒంటరిగా, అలసిపోయి, ఫోను చేతిలో ఉండగా దృఢ సంకల్పాన్ని నమ్ముకోవడం తెలివైన పని కాదు. నిర్ణయం తీసుకోవాల్సిన వేళ సాయంత్రం ఏడు గంటలు.

వదిలించుకున్న చోటు ఖాళీగా ఉంచకండి. ఒకసారి వెళ్లిపోయిన అపవిత్రాత్మ, ఊడ్చి అమర్చి ఖాళీగా ఉంచిన ఆ ఇంటికే మరి ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చిందని మత్తయి 12లో ప్రభువు చెప్పాడు. ఆ వేళకు ఏదో ఒకటి కావాలి: స్నేహితుడితో నడక, పాటల సాధన, మంచి నిద్ర. అన్నిటికంటే ముందు ఒక నమ్మకమైన మనిషికి చెప్పండి. మగవారు మగవారికి, ఆడవారు ఆడవారికి.

దసరాకు బంధువులంతా కలిసినప్పుడు మందు తాగమని బలవంతం చేస్తారు. ఇంట్లో నేనొక్కడినే విశ్వాసిని.

బంధువులను తెంచుకోకండి. వెళ్లండి, పెద్దలను పలకరించండి, పిల్లలతో ఆడుకోండి, భోజనం చేయండి. తాగను అన్నది మాత్రం ఇంటి నుంచి బయలుదేరకముందే తేల్చుకోండి. దానియేలు రాజు భోజనపు బల్ల ముందు కూర్చున్నాక ఆలోచించలేదు, ముందే తన మనసులో ఉద్దేశించుకున్నాడు. 'మామయ్యా, నాకు వద్దు, మీరు కానివ్వండి' అని నవ్వుతూ ఒక్కసారి చెబితే చాలు, ప్రసంగం అక్కర్లేదు. సీసాలు తెరిచే వేళకు లేచి రావడానికి ముందుగానే ఏర్పాటు చేసుకోండి. మొదటి ఏడాది ఎగతాళి చేస్తారు. మూడో ఏడాదికి, తాగినవారిని ఇళ్లకు చేర్చే బాధ్యత మీకే అప్పగిస్తారు. అది గౌరవమే.

ఇప్పటికే వ్యసనంలో ఉన్నవారి సంగతి వేరు. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, మూర్ఛ, మతి చలించడం రావచ్చు, ప్రాణాపాయం కూడా ఉంది. ప్రార్థనతో పాటు ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ఫోనులో సలహాకు టెలీమానస్ 14416 ఉంది. వైద్యుడి దగ్గరకు వెళ్లడం విశ్వాసలోపం కాదు.

మందిరంలో అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఇంటికి వస్తే భార్యాపిల్లల మీద కోపం ఆపుకోలేను.

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. ఆత్మీయ ఎదుగుదలను కొలవాల్సిన చోటు ఇదేనని మా గట్టి నమ్మకం. ఎంతసేపు ప్రార్థిస్తారో, ఎన్ని వాక్యాలు కంఠతా వచ్చో సంఘానికి తెలుసు. కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు మీరు ఎలా ఉంటారో ఇంటివారికే తెలుసు. సంఘ నాయకుడి అర్హతలు చెబుతూ పౌలు తిమోతికి రాసినప్పుడు ఇంటిని చక్కగా నడిపించగలగాలన్నాడు, కొట్టేవాడై ఉండకూడదన్నాడు. ప్రసంగ నైపుణ్యం గురించి చెప్పినది ఒక్క మాటే.

కోపం ఎప్పుడు వస్తుందో ఒక వారం గమనించండి. చాలామందికి అది పని నుంచి ఇంటికి చేరిన మొదటి అరగంటలోనే. ఆకలి, ట్రాఫిక్, అధికారి అన్న మాట అన్నీ కలిసి గుమ్మంలో ఎదురైన పిల్లాడి మీద పడతాయి. బండి ఆపాక రెండు నిమిషాలు బయటే నిలబడి "యెహోవా, నా నోటికి కావలియుంచుము" అన్న 141వ కీర్తన మాటను ప్రార్థనగా చేసుకుని లోపలికి వెళ్లండి. నోరు జారితే ఆ రాత్రే, పడుకోకముందే, సాకులు లేకుండా క్షమాపణ అడగండి. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్నది అక్షరాలా పాటించదగిన నియమం. పిల్లల ఎదుట తిడితే పిల్లల ఎదుటే క్షమాపణ చెప్పండి. తండ్రి తమను క్షమించమని అడగడం చూసిన పిల్లలకు పశ్చాత్తాపం గురించి వేరే పాఠం అక్కర్లేదు.

చేయి చేసుకునే స్థితి ఉంటే అది నిగ్రహ లోపం అని మెత్తగా చెప్పి వదిలేసేది కాదు, నేరం. దెబ్బలు తింటున్న సోదరీమణులకు ఒక మాట: ఓర్చుకోవడమే ఆశానిగ్రహమని ఎవరు చెప్పినా నమ్మకండి. మహిళల సహాయ నంబరు 181, అత్యవసరమైతే 112. సంఘ కాపరులు మొదట ఆమె భద్రత చూడాలి, రాజీ సంగతి తర్వాత.

డబ్బు విషయంలో నిగ్రహం కూడా ఆత్మీయ విషయమేనా?

ముమ్మాటికీ. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్‌కు 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. విశ్వాసంలో ఎదగడమంటే మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటితో పోరాడటం కూడా అని ఆయన బోధించారు. ఆత్మీయం వేరు, ఇంటి ఖర్చు వేరు అనుకునేవారికి ఆ బోధ ఇప్పటికీ అవసరం. పక్కింటివారి పెళ్లి చూసి అంతకంటే ఘనంగా చేయాలని వడ్డీకి తెచ్చిన డబ్బు పదేళ్లపాటు ఇంట్లో ప్రార్థనను కూడా మింగేస్తుంది. కొనాలనిపించిన వస్తువును ఒక వారం ఆగి కొనడం మంచి సాధన. కానుక ఇవ్వడానికి అప్పు చేయమని ఏ బోధకుడు చెప్పినా వినకండి.

ఒకే పాపంలో మళ్లీ మళ్లీ పడిపోతున్నాను. నేను నిజంగా రక్షణ పొందానా?

పడినందుకు బాధపడుతున్నారంటే మీలో పరిశుద్ధాత్మ పని చేస్తున్నాడు. తాను కోరే మేలు చేయక కోరని కీడు చేస్తున్నానని రోమా ఏడులో పౌలు రాశాడు. నీతిమంతుడు ఏడుసార్లు పడినా తిరిగి లేస్తాడని సామెతలు 24లో ఉంది. నీతిమంతుడు పడడని అక్కడ లేదు. పడిన రోజే లేవండి. ఎలాగూ పడ్డాను, ఈ వారమంతా వదిలేసి ఆదివారం నుంచి కొత్తగా మొదలుపెడతాను అనుకోవడమే ఎక్కువ నష్టం చేస్తుంది. దేవుని వాత్సల్యం అనుదినం నూతనంగా పుడుతుందని విలాపవాక్యాలు చెబుతున్నాయి, వారానికోసారి అని చెప్పలేదు. క్షమాపణ అడిగాక, ఏ చోట, ఏ వేళ, ఎవరితో ఉన్నప్పుడు పడ్డారో కూడా చూసుకోండి. వచ్చే వారం ఆ దారిన నడవకుండా ఏం చేయాలో అందులోనే తెలుస్తుంది.

ఇది ఒంటరిగా చేయదగిన పనేనా?

చాలా కష్టం. మెదక్, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల సీఎస్ఐ సంఘాలు చాలావరకు వెస్లియన్ మెథడిస్టు మిషన్ పునాది మీద నిలిచాయి. ఆ ఉద్యమానికి మెథడిస్టు అన్న పేరు రావడానికి కారణమే క్రమశిక్షణ: జాన్ వెస్లీ, ఆయన స్నేహితులు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రార్థన, అధ్యయనం, చెరసాల సందర్శన అన్నీ పద్ధతిగా చేస్తుంటే తోటి విద్యార్థులు పెట్టిన పేరు అది. 1742లో బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను సుమారు పన్నెండుమంది చొప్పున గుంపులు చేసి, ఒక్కొక్క గుంపు చందా ఒకరు వసూలు చేసేలా ఏర్పాటు చేశారు. చందాకోసం ఇంటింటికీ వెళ్లినవారికి ఎవరు తాగుతున్నారో, ఎవరి ఇంట్లో గొడవలున్నాయో తెలిసింది. వెస్లీ దాన్నే ఆత్మీయ సంరక్షణకు పద్ధతిగా మలిచాడు. వారానికోసారి ఆ గుంపు కూడి, నీ ఆత్మ ఎలా ఉంది అని ఒకరినొకరు అడిగేవారు.

మన గృహ కూటాల్లో పాటలున్నాయి, సాక్ష్యాలున్నాయి, ప్రసంగం ఉంది. ఈ ప్రశ్న ఒక్కటి లేదు. వందలమంది సంఘంలో అది కుదరదు కాబట్టి ఇద్దరు ముగ్గురు చాలు. విన్నది బయటకు చెప్పని మనిషిని ఎంచుకోండి. ప్రార్థనాంశం పేరుతో ఇతరుల రహస్యాలు పంచుకునేవారు ఎంత భక్తిపరులైనా ఈ పనికి తగరు.

క్రమశిక్షణ ఎక్కువైతే గర్వం రాదా?

వస్తుంది. వారానికి రెండుసార్లు ఉపవాసముంటున్నానని దేవునికే లెక్క చెప్పిన పరిసయ్యుడు లూకా 18లో ఉన్నాడు. ముట్టవద్దు, రుచిచూడవద్దు అనే నియమాలు పైకి జ్ఞానంలా కనిపించినా శరీర వాంఛను అణచలేవని కొలస్సీ పత్రిక హెచ్చరిస్తుంది. గుర్తుపట్టడం సులువే: మీ నియమం మీ పట్ల కఠినంగా, పక్కవాడి పట్ల మెత్తగా ఉందా, లేక తారుమారుగా ఉందా? విశ్రాంతి తీసుకోవడానికి కూడా నిగ్రహం కావాలి. చచ్చిపోవాలనుకున్న ప్రవక్త ఏలీయాకు దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు. బోధ తర్వాత వచ్చింది.

ఇద్దరు చిన్నపిల్లలు, కూలిపని, వంట. నాకు ప్రార్థనకు సమయమెక్కడ?

అమ్మా, మీకు గంటసేపు నిశ్శబ్దం దొరకదు. మీరు ఆ గంటకోసం కుంగిపోవాల్సిన పనిలేదు. నీళ్లు పట్టేటప్పుడు, పిల్లను జోకొట్టేటప్పుడు ఒక చిన్న ప్రార్థన, వంటింట్లో ఆడియో బైబిలు. ఈ దినాలకు ఇదే సరిపోతుంది. ఈ ప్రశ్నకు అసలు జవాబు చెప్పాల్సింది మీ భర్త. ఆయన ఉదయం ముప్పావుగంట ధ్యానంలో ఉంటే, సాయంత్రం ఇరవై నిమిషాలు పిల్లలను చూసుకుని మిమ్మల్ని బైబిలుతో కూర్చోనివ్వడం ఆయన సాధనలో భాగం కావాలి.

పిల్లలను ఉదయపు ప్రార్థనకు బలవంతంగా లేపవచ్చా?

చిన్నపిల్లలను లేపండి, ఐదు నిమిషాల్లో ముగించండి. ఒక పాట, రెండు వచనాలు, ప్రతి ఒక్కరి నుంచి ఒక వాక్యం ప్రార్థన. పెద్ద పిల్లలతో మాట్లాడి వాళ్లకు కుదిరే వేళ పెట్టుకోండి. కుటుంబ ప్రార్థనను మార్కుల గురించి తిట్టే సభగా మార్చకండి. ఒకసారి అలా అయిందంటే పదేళ్ల తర్వాత కూడా వాళ్లకు ప్రార్థన అంటే అదే గుర్తొస్తుంది.

మా ఆయన దుబాయ్‌లో ఉన్నారు. దూరంగా ఉండి కుటుంబ ప్రార్థన ఎలా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఈ ప్రశ్న ప్రతి కూటంలోనూ వస్తుంది. దుబాయ్ సమయం మనకంటే గంటన్నర వెనక. మన తొమ్మిదిన్నరకు అక్కడ ఎనిమిది. ఆయన డ్యూటీ, వంట అయ్యే వేళను బట్టి వారానికి మూడు రోజులు పెట్టుకోండి. రోజూ అని పెట్టుకుంటే రెండో వారంలో ఆగిపోతుంది. డబ్బు, ఇల్లు, అన్నదమ్ముల గొడవ మాటలు ప్రార్థన అయ్యాక మాట్లాడుకోండి, ముందు మొదలుపెడితే ప్రార్థన దాకా రాదు. ఒక రోజు ఆయన చదవాలి, ఒక రోజు పిల్లలు చదవాలి. గదిలో పదిమందితో ఉండే ఆయనకు పైకి ప్రార్థించడం కుదరకపోతే వాట్సాప్‌లో రాసి పంపితే ఇక్కడ పిల్లలు చదువుతారు. నెట్ సరిగా లేని రోజుకు ఏ కీర్తన అన్నది ఆదివారమే అనుకుని ఉంచుకుంటే, అదే వేళకు ఎవరి చోట వాళ్లు చదువుకోవచ్చు.